చేప వడలు విడిపోకుండా రావాలంటే: బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

చి. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. అల్లుడుగారు ఆదివారాలు భీమిలి వెళ్లి గాలం వేస్తున్నారని, ఆయన తెచ్చిన చేపలతో వడలు చేస్తే నూనెలో వెయ్యగానే విడిపోతున్నాయని, నీచు వాసన కూడా పోవడం లేదని రాశావు. బంగాళాదుంప ఇంకాస్త వెయ్యనా, గుడ్డు వెయ్యనా, బ్రెడ్డు పొడి కలపనా అని అడిగావు. ఇవేవీ నీకు అక్కర్లేదమ్మా. అప్పుడే పట్టిన చేప కండలో వడ నిలవడానికి కావలసినంత జిగురు ఉంటుంది. ఉప్పు వేసి చేత్తో బాగా పిసికితే ఆ జిగురు బయటికి వస్తుంది. దాన్ని చెడగొట్టేవి వేడి, నీళ్లు. ఈ రెండింటి నుంచి చేపను కాపాడుకుంటే చాలు, మిగతాదంతా నీకు వచ్చిన వంటే.

ముందు అల్లుడుగారికి చెప్పాల్సినవి చెబుతాను, ఎందుకంటే సగం పని ఆయన చేతిలోనే ఉంది. చేప గాలానికి పడగానే బకెట్లో వేసి మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచితే, తర్వాత నువ్వు వంటింట్లో ఎంత కష్టపడినా ఆ రుచి రాదు. పడిన చేపను కొట్టుకోనివ్వకుండా వెంటనే తల మీద ఒక దెబ్బ కొట్టి చంపాలి. మొప్పల దగ్గర కత్తితో కోసి, ఐదు నిమిషాలు సముద్రపు నీళ్ల బకెట్లో ఉంచితే నెత్తురు దిగిపోతుంది. నెత్తురు దిగిన చేప కండ తెల్లగా ఉంటుంది, నీచు సగం అక్కడే పోతుంది. తర్వాత ఐసు. చేప ఎంత బరువుంటే అంత ఐసు తీసుకెళ్లమను. ఐసులో కొంచెం సముద్రపు నీళ్లు పోస్తే ఆ చల్లదనం చేపకు అన్ని వైపులా తగులుతుంది. పైన నాలుగు ముక్కలు చల్లితే అడుగున ఉన్న చేప వెచ్చగానే ఉండిపోతుంది. వీలైతే పొట్ట కూడా అక్కడే శుభ్రం చేసుకోమను. పేగుల్లో ఉండే రసాలు చేప చచ్చాక కూడా పనిచేస్తూనే ఉంటాయి, పొట్ట దగ్గరి కండ ముందు మెత్తబడేది అందుకే.

కానాగంతల విషయంలో మాత్రం ఆయన్ని గట్టిగా హెచ్చరించు. కానాగంతలు, ట్యూనా లాంటి చేపలు ఎండలో కొన్ని గంటలు ఉంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. అది ఉడికించినా పోదు, వేయించినా పోదు. అలాంటి చేప తింటే కాసేపటికే మొహం ఎర్రబడి, ఒళ్లు దురద, తలనొప్పి మొదలవుతాయి. చేప చూడ్డానికి బాగానే ఉండొచ్చు, వాసన కూడా తెలియకపోవచ్చు. ఐసు లేకుండా గంటల తరబడి వెచ్చగా ఉన్న కానాగంత అయితే మొహమాటపడకుండా పారెయ్యి. గాలానికి పడి బుడగలా ఉబ్బే చేపల జోలికి అసలు వెళ్లొద్దను. వాటి విషానికి విరుగుడు లేదు.

ఇక ఏ చేప మంచిది అంటే, గోస్తని నది సముద్రంలో కలిసే చోట పండుగప్ప పడితే అంతకు మించిన అదృష్టం లేదు. తెల్లటి మందపాటి కండ, ముళ్లు తక్కువ. అది దొరకని వారం హార్బరుకి పొద్దున్నే వెళ్లి వంజరం తెచ్చుకో. మీ వైపు కోనెం అని అడిగితే ఇస్తారు. మంచినీటి చేపల్లో కొరమీను చాలా బాగుంటుంది. కానాగంత కండ కొంచెం నల్లగా, నూనెగా ఉంటుంది కాబట్టి అల్లం, మిరియాలు ఎక్కువ పడాలి. కవళ్లు పులుసుకే ఉంచు. సొర చేపకు పిట్టు ఉండగా వడ దేనికి?

చేప ఇంటికి వచ్చాక దాన్ని వంచి చూడు. పట్టిన కొన్ని గంటలకు చేప బిగుసుకుపోతుంది, అప్పుడు కొయ్యకూడదు. బలవంతంగా కోస్తే కండ చీలికలు చీలికలుగా వస్తుంది, అందులోని నీరంతా కారిపోతుంది. బిగుసుకోకముందే కొయ్యి, లేదంటే ఐసులోనే ఉంచి మర్నాడు బిగువు వదిలాక కొయ్యి. ఐసులో సరిగ్గా ఉంచిన చేపకు ఒక రాత్రి గడిచినా ఏమీ కాదు. ఇంటికి తెచ్చిన వెంటనే చెయ్యాలన్న కంగారు నీకు అక్కర్లేదు.

పొలుసు తీసి, పొట్ట కడిగేటప్పుడు రెండు చోట్ల శ్రద్ధ పెట్టు. పొట్ట లోపల నల్లటి పొర ఉంటే పూర్తిగా గీకెయ్యి. వెన్నుముల్లు పొడవునా గడ్డకట్టిన నెత్తురు గీత ఉంటుంది, దాన్ని బొటనవేలితోనో చెంచా అంచుతోనో రాసి తీసెయ్యి. నువ్వు రాసిన నీచు వాసన చాలావరకు అక్కడిదే. ఉప్పు, పసుపు, మజ్జిగ ఏది రాసి కడిగినా చేప పూర్తి చేపగా ఉన్నప్పుడే కడగాలి. ముల్లు తీసి కండ విడదీశాక ఇక నీళ్లు తగలకూడదు. మనవాళ్లకు ముక్కల్ని నాలుగైదు నీళ్లలో కడిగితేగానీ తృప్తి ఉండదు. పులుసుకైతే పరవాలేదు. వడకు మాత్రం ఆ కడుగుడే విడిపోవడానికి మొదటి కారణం. కండను పొడి గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డ వేసి అద్ది, ఫ్రిజ్‌లో అరగంట పెట్టు.

కిలో చేపకు తల, ముల్లు, తోలు పోగా నాలుగొందల గ్రాముల పైచిలుకు కండ వస్తుంది. అరకిలో కండ లెక్కన చెబుతున్నాను, నువ్వు దాన్నిబట్టి సర్దుకో.

తోలు తీసేసి, వేళ్లతో తడిమి ముళ్లు ఏరి, చెక్క మీద కత్తితో సన్నగా కొట్టు. రోలు ఉంటే ఇంకా మంచిది. మిక్సీ అయితే జార్‌ను ముందే ఫ్రిజ్‌లో పెట్టి, కొంచెం కొంచెంగా వేసి, ఆపి ఆపి తిప్పు. బ్లేడు వేడికి కండ వెచ్చబడితే జిగురు పోతుంది. పూర్తిగా పేస్టు చెయ్యకు, మూడొంతులు సన్నగా కొట్టి ఒక వంతు చిన్న చిన్న ముక్కలుగా వదిలేస్తే తినేటప్పుడు పంటికి చేప తగులుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. ఈ కండలో ముందు ఉప్పు ఒక్కటే వెయ్యాలి. అరకిలోకు చెంచాన్నర సరిపోతుంది. ఉప్పు వేసి చేత్తో ఒకే వైపు తిప్పుతూ, గిన్నెకేసి కొడుతూ ఐదు నిమిషాలు పిసుకు. చేప కండలో మయోసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, అది మామూలు నీళ్లలో కరగదు గానీ ఉప్పు తగలగానే కరిగి బంకగా మారుతుంది. వేడి తగిలినప్పుడు ఆ బంకే గట్టిపడి వడను పట్టి ఉంచుతుంది. జపాన్‌లో కమబొకో అని చేసే చేప ముద్దలు నిలబడేది కూడా ఈ పద్ధతిలోనే. పాతబడిన చేపలో ఈ గుణం తగ్గిపోతుంది, అందుకే హోటళ్లలో దుంపా మైదా అంతంత వేస్తారు. మొదటి రెండు నిమిషాలు ఏమీ మారినట్టు అనిపించదు. తర్వాత ఒక్కసారిగా ముద్ద బరువెక్కి, మెరుపు వచ్చి, బాగా రుబ్బిన గారెల పిండిలా వేళ్లకు పట్టుకుంటుంది. చిన్న ముద్ద తీసి అరచేతికి అంటించి చెయ్యి బోర్లించు. కిందపడకుండా నిలిస్తే చాలినట్టు. పడిపోతే ఇంకో రెండు నిమిషాలు పిసుకు. చెయ్యి వెచ్చగా అనిపిస్తే మధ్యలో గిన్నెను ఐసు నీళ్ల పళ్లెంలో పెట్టుకో.

ఆ తర్వాతే మసాలాలు. అంగుళం అల్లం, ఆరేడు వెల్లుల్లి రెబ్బలు, నాలుగు పచ్చిమిరపకాయలు కచ్చాపచ్చాగా దంచి వెయ్యి. అర చెంచా మిరియాల పొడి, చెంచా ధనియాల పొడి, చిటికెడు పసుపు, సన్నగా తరిగిన కరివేపాకు, కొత్తిమీర కలుపు. గరం మసాలా నేను వెయ్యను, తాజా చేపకు అది అడ్డమే. రెండు చెంచాల బియ్యప్పిండి వేస్తే పైన కరకరలాడుతుంది. ఉల్లిపాయ కావాలంటే ఒకటి చాలు, సన్నగా తరిగి, గట్టిగా పిండి, అన్నిటికన్నా చివర్లో కలుపు. ముందే వేస్తే ఉప్పుకు నీరు ఊరి నువ్వు పడ్డ శ్రమంతా పోతుంది. నిమ్మరసం ఇందులో పిండొద్దు. పులుపు తగిలితే కండ పొడిపొడి అవుతుంది. తినేటప్పుడు పైన పిండుకోండి, ఎంత కావాలంటే అంత.

ఉప్పు చూడ్డానికి పచ్చి ముద్ద నాలుక మీద పెట్టుకోకు. పచ్చి చేపలో, మంచినీటి చేపలో మరీనూ, పురుగులు ఉండొచ్చు. రూపాయి బిళ్లంత వడ ఒకటి ముందు వేయించి రుచి చూసి, తగ్గితే ఉప్పో కారమో అప్పుడు కలుపుకో. మిగతా పిండి అప్పటిదాకా ఫ్రిజ్‌లో ఉండనీ.

బొచ్చె, శీలావతి తెచ్చిన రోజున మాత్రం ఈ పద్ధతి కుదరదు. వాటి కండలో వై ఆకారంలో సన్నటి ముళ్లు ఉంటాయి, పచ్చిగా ఏరడం ఎవరి వల్లా కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో వేట నిషేధం కదా, మరబోట్లు ఆగిపోయి సముద్రపు చేప దొరకడం కష్టమవుతుంది. ఆ రోజుల్లో చెరువు చేపే గతి కాబట్టి ఇది కూడా నేర్చుకోవాలి. ముక్కలకు పసుపు, ఉప్పు రాసి ఆవిరి మీద పది నిమిషాలు ఉడికించు, నీళ్లలో వెయ్యొద్దు. చల్లారాక సొర పిట్టుకు చిదిమినట్టే చిదిమి, వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, మంచి వెలుతురులో వేళ్లతో రెండుసార్లు తడుము. పిల్లలు తినేదైతే మూడోసారి కూడా. ఉడికిన కండకు జిగురు ఉండదు, ఇక్కడ మాత్రం దుంప కావాలి. చేపలో నాలుగో వంతుకు మించకుండా, తొక్కతో ఉడికించి పూర్తిగా చల్లార్చిన దుంప వెయ్యి. ఒక గుడ్డు కలిపి, బొంబాయి రవ్వలో దొర్లించి వేయించు. నువ్వు ఇంతకుముందు చేసినవి ఇలా ఉడికించినవే అనుకుంటాను, దుంప వేడిగా ఉండగానే కలిపి ఉంటావు. ఆ ఆవిరి నీరై లోపలే ఉండిపోతుంది.

వేయించడానికి లోతు మూకుడు అక్కర్లేదు. ఇనప పెనం, వేరుశనగ నూనె, వడ సగం మునిగేంత ఉంటే చాలు. చేతికి నూనె రాసుకుని వేలి మందాన తట్టు, అంతకన్నా మందమైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. నూనె పొగలు రాకముందే, మధ్యస్థం మంట మీద వెయ్యి. వేశాక మూడు నిమిషాలు ముట్టుకోకు. అంచులు ఎర్రబడి వడ తనంతట తాను పెనాన్ని వదులుతుంది, అప్పుడు తిప్పు. ఒకేసారి పెనం నిండా పెడితే నూనె చల్లారి వడలు నూనె పీల్చుకుంటాయి. నాలుగేసి చొప్పున వేసుకో. విరిచి చూస్తే మధ్యలో కండ తెల్లగా మారి ఉండాలి, గాజులా మెరుస్తుంటే ఇంకో నిమిషం.

మిగిలిన పిండిని వడలుగా తట్టి, మధ్యలో ప్లాస్టిక్ కాగితం వేస్తూ డబ్బాలో పేర్చి డీప్ ఫ్రిజ్‌లో పెడితే ఒక నెల వాడుకోవచ్చు. కరగనివ్వకుండా అలాగే సన్నటి మంట మీద వేయించు.

వేడి అన్నం, పప్పుచారు, పక్కన ఈ వడలు. సాస్ సీసా బల్ల మీదకు తేవద్దని అల్లుడుగారికి నా మాటగా చెప్పు.

తల, వెన్నుముల్లు పారెయ్యకు. పండుగప్ప తల అయితే మామిడికాయ వేసి పులుసు పెట్టు, చింతపండు తగ్గించు. మొప్పలు తప్పకుండా తీసెయ్యాలి, లేకపోతే పులుసంతా చేదెక్కుతుంది. వచ్చే నెల మీ అమ్మ ఇక్కడికి వస్తానంది, ఆమెతో నా పాత చెక్కా కత్తీ పంపుతాను. ఆ కత్తి బరువుగా ఉంటుంది, కండ కొట్టడానికి హాయిగా ఉంటుంది.

మీ పెద్దమ్మ,
కాకినాడ