నాన్నను క్లినికల్ ట్రయల్‌లో చేర్చమంటున్నారు, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. మా నాన్నకు 58 ఏళ్లు. చాలాకాలం గుట్కా నమిలారు. దవడ లోపల క్యాన్సర్ వస్తే నిరుడు ఆపరేషన్ చేయించాం. ఆ తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టి, దాంతోపాటే సిస్‌ప్లాటిన్ కీమో ఇచ్చారు. అవి ముగిసిన నాలుగు నెలలకే మెడలో గడ్డ లేచింది. బయాప్సీలో మళ్లీ క్యాన్సరే అని తేలింది. ఈసారి ఆపరేషన్ వీలుకాదని, ఇమ్యూనోథెరపీ మేలని హైదరాబాద్‌లో చెప్పారు. అంత ఖర్చు భరించలేమంటే, క్లినికల్ ట్రయల్‌లో చేరితే మందు ఉచితమన్నారు. మనిషిని ప్రయోగానికి అప్పగిస్తారా అని మేనమామలు కోప్పడుతున్నారు. ఉన్న రెండెకరాలు అమ్మి మందు వేయించాలా, ట్రయల్‌లో చేర్చాలా? జబ్బు తిరగబెట్టిందని నాన్నకు ఇంకా చెప్పలేదు.
- ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: ముందుగా ఒక మాట. ఈ జవాబు పూర్తిగా చదివి, మీ డాక్టరుతో మరోసారి మాట్లాడేదాకా పొలం బేరం పెట్టకండి.

ఇమ్యూనోథెరపీ అంటే ఒంట్లో శక్తి పెంచే టానిక్కు అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మన రక్తంలోని టీ కణాలనే రక్షణ కణాలు క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి చంపగలవు. అయితే అవి హద్దుమీరి సొంత శరీరాన్నే దెబ్బతీయకుండా వాటిపై పీడీ-1 వంటి బ్రేకులు ఉంటాయి. క్యాన్సర్ గడ్డ ఆ బ్రేకును నొక్కిపెట్టి తప్పించుకుంటుంది. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ వంటి మందులు ఆ బ్రేకును వదిలిస్తాయి. ఈ మార్గాన్ని చూపిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది.

మీ నాన్నగారి పరిస్థితికి దగ్గరగా ఉన్న అధ్యయనాల్లో ముఖ్యమైనది 2016లో వెలువడింది. సిస్‌ప్లాటిన్ వంటి కీమో తీసుకున్న ఆరు నెలల్లోపే తల, మెడ క్యాన్సర్ ముదిరిన లేక తిరగబెట్టిన రోగుల్లో కొందరికి నివోలుమాబ్, మిగతావారికి పాత మందులు అందులో ఇచ్చారు. ఏడాది తర్వాత నివోలుమాబ్ తీసుకున్నవారిలో సుమారు 36 శాతం, పాత మందులు తీసుకున్నవారిలో సుమారు 17 శాతం జీవించి ఉన్నారు. ఇది చిన్న మేలు కాదు. కానీ గడ్డ స్పష్టంగా కరిగింది సుమారు ఎనిమిది మందిలో ఒకరికే. భూమి అమ్మినా ఫలితానికి హామీ ఉండదని చెప్పడానికే ఈ లెక్క మీ ముందుంచాను.

ఇక మీరు తప్పక అడగవలసిన సంగతి తక్కువ మోతాదు గురించి. మామూలుగా నివోలుమాబ్ రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు ఎక్కిస్తారు. ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇస్తూ, దానికి మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్ మాత్రలను జతచేసి 151 మంది రోగులపై పరీక్షించారు. మాత్రలు మాత్రమే వాడినవారిలో ఏడాదికి 16.3 శాతం మంది జీవించి ఉండగా, ఆ చిన్న మోతాదు కూడా తీసుకున్నవారిలో 43.4 శాతం మంది ఉన్నారు. చిన్న మోతాదు పూర్తి మోతాదుకు సమానమని ఈ అధ్యయనం చెప్పలేదు, ఆ రెండింటినీ అది పోల్చలేదు. అయినా మనలాంటి ప్రాంతాల రోగులకు ఇది ఎంతో విలువైన పరిశోధన అని నా నమ్మకం. మీ నాన్నగారికి ఇది సరిపోతుందా అని సూటిగా అడగండి.

మేనమామల భయం అర్థం చేసుకోదగినదే, కానీ ట్రయల్ అంటే మనిషిని అప్పగించడం కాదు. మూడో దశ ట్రయల్‌లో సాధారణంగా రోగులను చీటీ వేసినట్టు రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఇప్పుడు అందుబాటులో ఉన్న చికిత్స, రెండో జట్టుకు కొత్త పద్ధతి ఇస్తారు. మీ నాన్నగారికి కొత్త మందే దక్కుతుందన్న భరోసా ఉండదు కాబట్టి, కొత్త మందు దక్కని జట్టుకు ఏమిస్తారో ముందే తెలుసుకోండి. మొదటి దశ ట్రయల్ అయితే సంగతి వేరు. అక్కడ ప్రధానంగా చూసేది మందు ఎంతవరకు సురక్షితమన్నదే. అందుకే ఏ దశ అన్నది మీ మొదటి ప్రశ్న కావాలి.

మన దేశంలో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, రోగుల భద్రత, హక్కులు చూసే నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో ఆ ట్రయల్ నమోదై ఉండాలి, ఆ నంబరు అడిగి రాసుకోండి. అంగీకార పత్రం తెలుగులో ఇమ్మనండి, ఇంటికి తెచ్చుకుని నలుగురూ కూర్చుని చదవండి. ఎప్పుడైనా బయటికి రావచ్చు, అలా వచ్చినందుకు మామూలు వైద్యం ఆపకూడదు. పరీక్షించే మందుకే డబ్బు కట్టమంటే మాత్రం అక్కడ చేరవద్దు.

దుష్ఫలితాల విషయంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది దూరం. బ్రేకు వదిలిన టీ కణాలు పేగులు, ఊపిరితిత్తులు, కాలేయం, థైరాయిడ్, అరుదుగా గుండెపై దాడి చేయవచ్చు. మందు ఆపిన నెలల తర్వాత కూడా ఇది జరగవచ్చు. విరేచనాలు మొదలైతే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మాత్ర వేయించుకుని ఊరుకోవడం ఇక్కడ ప్రాణాంతకం కావచ్చు, ఎందుకంటే అలాంటప్పుడు సకాలంలో స్టెరాయిడ్లు అవసరం కావచ్చు. ఆయాసం, ఆగని దగ్గు, పచ్చకామెర్లు కనిపించినా అంతే. వాడుతున్న మందు పేరు రాసిన కార్డు ఆయన జేబులో ఎప్పుడూ ఉండాలి. రాత్రివేళ ఇబ్బంది వస్తే హైదరాబాద్ వెళ్లేలోపు కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో చూపించవచ్చా, అక్కడి డాక్టరుతో మాట్లాడేందుకు ట్రయల్ బృందం ఏ ఫోన్ నంబరు ఇస్తుంది అన్నది చేరకముందే తేల్చుకోండి. కీళ్లవాతం, క్షయ, కామెర్ల చరిత్ర ఉంటే దాచకండి.

చివరిగా, జబ్బు తిరగబెట్టిందని నాన్నగారికి చెప్పలేదన్నారు. ఆయనకు తెలియకుండా మీరు పెట్టే సంతకం చెల్లదు, స్పృహలో ఉన్న మనిషి తరఫున కొడుకు అంగీకరించడానికి నిబంధనలు ఒప్పుకోవు. మెడలో గడ్డ ఆయన చేతికి రోజూ తగులుతూనే ఉంటుంది, బహుశా ఆయన ఇప్పటికే ఊహించి ఉంటారు. మీకు నోరు రాకపోతే, వచ్చేసారి వెళ్లినప్పుడు మీరూ అమ్మగారూ పక్కన కూర్చుని, డాక్టరుగారినే చెప్పమని కోరండి. ట్రయల్ సంగతి కూడా అక్కడే, ఆయన ముందే అడగండి.