ఎక్స్‌టెన్షన్లు లేకుండా రాయొచ్చు, కానీ...

ప్రశ్న: ముత్తుకూరు దగ్గర మా మామయ్య రొయ్యల గుంటలో ఆక్సిజన్ చూసి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్‌ని ఆన్ చేసే పరికరాన్ని ఆర్డ్యునో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు మీద చేస్తున్నా. ఇదే నా బీటెక్ ప్రాజెక్టు. కంపైలర్ ఎక్స్‌టెన్షన్ (సీ స్టాండర్డ్‌లో లేకపోయినా కంపైలర్ అదనంగా ఇచ్చే సౌకర్యం) ఒక్కటి కూడా ఉండకూడదని గైడ్ సార్ అంటున్నారు. కుదురుతుందా సార్?
- ఫైనలియర్ విద్యార్థి, నెల్లూరు

జవాబు: కుదురుతుంది. నీళ్లలో ఆక్సిజన్ క్షణాల్లో మారిపోదు కాబట్టి, ఎక్స్‌టెన్షన్ అడిగే ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపించి ప్రాసెసర్‌ని వేరే పనికి పిలిచే సంకేతం) లేకుండా లూప్‌లో సెన్సర్ చదువుకుంటే చాలు. ఇంతవరకూ మీ సార్ మాటే రైటు.

చిక్కంతా మెమరీ దగ్గర. ఊనో (ఆర్3 మోడల్)లో ప్రోగ్రామ్ ఉండే ఫ్లాష్ 32 కేబీ, ర్యామ్ 2 కేబీనే. మామూలుగా రాసిన ప్రతి మెసేజూ బోర్డు ఆన్ కాగానే ర్యామ్‌లోకి కాపీ అవుతుంది. యూటీఎఫ్-8లో (కంప్యూటర్లో అక్షరాలు దాచే పద్ధతి) తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకీ, సున్నకీ, పొల్లుకీ విడివిడిగా 3 బైట్లు, ఒత్తుకైతే 6. ‘ఆక్సిజన్ తగ్గింది’ అనే రెండు మాటలకే 49 బైట్లు! ఇలాంటివి ఇరవై ఉంటే సగం ర్యామ్ హుష్. వాటిని ఫ్లాష్‌లోనే ఉంచే ప్రోగ్‌మెమ్, ఎఫ్ మ్యాక్రో రెండూ ఆర్డ్యునో వాడే జీసీసీ కంపైలర్ ఎక్స్‌టెన్షన్ల మీద కట్టినవే. అవి వద్దంటే బోర్డులోనే ఉన్న 1 కేబీ ఈఈప్రామ్ (కరెంటు పోయినా నిలిచే మెమరీ)లో మెసేజ్‌లు ముందే ఎక్కించి, బైటు బైటు చదువుకోవాలి. చేయొచ్చు, కానీ ఎవరు చేస్తారు?

పైగా మీ ఫైలు ఎంత శుభ్రంగా ఉన్నా, డిలే (ఆగడం), మిల్లిస్ (గడిచిన సమయం చెప్పడం) ఫంక్షన్లు వాడితే వాటి వెనక ఆర్డ్యునో వాళ్ల టైమర్ ఇంటరప్ట్ ఉంటుంది. దానికి ఎక్స్‌టెన్షన్ కావాలి. దాన్ని అసెంబ్లీలో రాస్తారా? అదేమన్నా స్టాండర్డ్ సీనా! లైనక్స్ కెర్నల్ కూడా 2022 నాటి 5.18 వెర్షన్ నుంచి గ్నూ11 (2011 సీ స్టాండర్డ్‌కి జీసీసీ ఎక్స్‌టెన్షన్లు కలిపిన) మోడ్‌లో కంపైల్ అవుతోంది. అంతకుముందు గ్నూ89. సార్‌కి ఇది చెప్పి చూడండి.

ఆక్సిజన్ ఎంతకి తగ్గితే మోటార్ వేయాలి, ఎంతసేపు నడపాలి అనే లెక్కంతా వేరే ఫైల్లో స్టాండర్డ్‌గా రాసి, ల్యాప్‌టాప్‌లో స్టాండర్డ్‌లో లేనివాటిని తప్పుగా పట్టే పెడాంటిక్ ఎర్రర్స్ ఆప్షన్‌తో కంపైల్ చేసి చూపించండి. బోర్డు గొడవలన్నీ ఇంకో ఫైల్లోకి నెట్టండి. స్విచ్ కేస్‌లో మూడు చుక్కలతో రేంజ్ ఇవ్వడం లాంటి ఎక్స్‌టెన్షన్లు మాత్రం మానేయండి, అవి ఉత్త బద్ధకం.

ప్రశ్న: పాత టర్బో సీ కంపైలర్లో నడిచిన ప్రోగ్రామ్‌ని ఉబుంటు లైనక్స్‌లో కంపైల్ చేస్తే కోనియో హెడర్ ఫైల్ లేదంటోంది. - ఒంగోలు

జవాబు: అది సీ స్టాండర్డ్‌లోది కాదు, డాస్ కాలపు కంపైలర్లది. ఆ లైనూ, క్లియర్‌స్క్రీన్ లైనూ తీసేయండి. ఒక కీ కోసం ఆగే గెట్‌చ్ ఉన్నచోట గెట్‌చార్ పెట్టి, ప్రోగ్రామ్ ఆగినప్పుడు ఎంటర్ నొక్కండి.