ఆదివారం విశ్రాంతి ఇంట్లో అందరికీ దక్కాలి

వందనాలు బ్రదర్. భీమవరం దగ్గర రొయ్యల చెరువు చేస్తున్నానని, ఆదివారం ఆరాధన అయ్యాక చెరువు పని చూసుకుంటే విశ్రాంతి దినాన్ని మీరినట్టేనా అని, అసలు ఆ రోజు ఎలా గడపాలని అడిగారు. మాదీ పాలకొల్లు వైపు వ్యవసాయ కుటుంబమే. మా ఇంట్లో పాటిస్తున్నది చెబుతాను.

శనివారమా, ఆదివారమా అన్న వాదనలోకి నేను వెళ్ళను. విశ్రాంతి దినం పాటించమని దేవుడిచ్చిన ఆజ్ఞలో ఉన్నది ఏడో రోజు, అంటే శనివారం. ఆదివారాన శిష్యులు రొట్టె విరవడానికి కూడుకున్నారని బైబిల్లో అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఉంది. క్రీ.శ. 321లో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆదివారం సెలవుగా ప్రకటించినప్పుడు కూడా, అదును దాటిపోతుందని సేద్యం చేసేవాళ్ళకు మినహాయింపు ఇచ్చాడు. అంటే మీకొచ్చిన సందేహం చాలా పాతది.

తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే రొయ్య బతకదు. కాబట్టి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పాల్సిందే, మేత వేయాల్సిందే. గుంటలో పడ్డ ఎద్దును విశ్రాంతి దినాన పైకి తీయరా అని యేసు ప్రభువే అడిగాడు కదా (లూకా 14). రొయ్యల పట్టుబడి, లెక్కలు, బాకీల వసూళ్ళు మాత్రం సోమవారానికి పెట్టుకోండి. దాళ్వా (రెండో పంట) వరి కోతల్లో కూడా మా ఆయన ఆదివారం కోత మిషన్ పెట్టించరు. వాన ముంచుకొస్తే కల్లంలో ధాన్యం మీద బరకాలు కప్పడానికి మాత్రం అందరం పరిగెడతాం.

నాకు అసలు బాధ వంటింటి గురించి. మన వైపు ఆదివారమంటే మాంసం కూర, చుట్టాలు, మధ్యాహ్నం నిద్ర. మగవాళ్ళు మందిరం నుంచి వచ్చి కుర్చీలో కూర్చుంటారు, ఆడవాళ్ళు పట్టుచీర మార్చుకునే తీరిక కూడా లేకుండా పొయ్యి దగ్గరకు వెళ్తారు. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం చదవండి. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, నీ ఊళ్ళో ఉన్న పరదేశి, అందరూ నీలాగే విశ్రమించాలని ఉంది. ఐగుప్తులో (ఈజిప్టులో) నువ్వూ దాసుడివేనని గుర్తుపెట్టుకో అని కారణం కూడా అక్కడే చెప్పాడు దేవుడు. ఒకరి విశ్రాంతి కోసం ఇంకొకరు నడుం విరగ్గొట్టుకుంటే ఆ ఆజ్ఞ పాటించినట్టు కాదని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే మా ఇంట్లో శనివారం సాయంత్రమే చేపల పులుసు పెట్టేస్తాం. పులుసు ఎలాగూ మర్నాటికే రుచి. ఆదివారం అన్నం ఒక్కటే వండుతాం, అది కూడా మా అబ్బాయిలే పెడతారు. గిన్నెలు తోమే ఆవిడకు ఆ రోజు సెలవు, జీతంలో కోత ఉండదు. మొదట్లో మా అత్తగారికి నచ్చలేదు. ఇప్పుడు ఆవిడే మధ్యాహ్నం పిల్లల్ని కూర్చోబెట్టుకుని యోసేపు కథ చెబుతారు. సాయంత్రం ఊళ్ళో మంచాన పడ్డవాళ్ళ ఇంటికి వెళ్ళి ప్రార్థన చేసి, కాసేపు కబుర్లు చెప్పి వస్తాం. టీవీ చూడొచ్చా అన్నారు. చూడండి, కాకపోతే ఆ రోజంతా దానికే పోనివ్వకండి.

మా చెల్లెలు కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళింది. అక్కడ వారపు సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా శుక్రవారమే. అయినా యజమాని పంపిస్తేనే తనకు మందిరం. పంపిన రోజు ఫోన్‌లో తన గొంతే వేరుగా ఉంటుంది. దాసికి విశ్రాంతి అన్న మాట దేవుడు ఎందుకు రాయించాడో నాకు తన వల్లే అర్థమైంది.

మీ చెరువు దగ్గర కాపలా మనిషి ఉంటాడు కదా బ్రదర్. ఆదివారం కొన్ని గంటలైనా మీరు అక్కడ ఉండి అతన్ని ఇంటికి పంపండి. అతను మన సంఘం వాడు కాకపోయినా సరే, ఆజ్ఞలో పరదేశి కూడా ఉన్నాడు.