చేర్చే ముందు బడిని ఎలా చూడాలి?

ప్రశ్న: మా పాపను వచ్చే జూన్‌లో ఇంటి దగ్గరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతిలో చేర్పించాలనుకుంటున్నాము. ముందుగా ఏమేమి పరిశీలించాలి?
– ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: గోడలకు వేసిన కొత్త రంగులను బట్టి నిర్ణయించకండి అమ్మా. ప్రధానోపాధ్యాయుల అనుమతితో బడి నడిచే వేళలో వెళ్లి, మూడో తరగతి పిల్లలు తమకింకా చెప్పని పాఠంలోని నాలుగు వాక్యాలను కూడబలుక్కోకుండా చదవగలుగుతున్నారో లేదో వినండి. నా దృష్టిలో ఇంతకు మించిన కొలమానం లేదు. నోటు పుస్తకాలు కూడా తిరగేయండి. ఎర్రసిరాతో టిక్కు పెట్టి వదిలేశారా, లేక తప్పుగా రాసిన ఒత్తును దిద్ది, పిల్లల చేత మళ్లీ రాయించారా అన్నది అక్కడే తెలుస్తుంది.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఒక్కరే ఐదు తరగతులనూ నెట్టుకొస్తుంటే, వారెంత శ్రద్ధగలవారైనా ఒకటో తరగతికి దక్కే సమయం చాలా తక్కువ. కాబట్టి రెండో పోస్టు ఖాళీగా ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయా, తలుపుకు లోపలి గడియ పడుతోందా అన్నది మాత్రం మీరే స్వయంగా చూడాలి. చట్ట ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే గనుక, మధ్యాహ్న భోజనం ఎలా ఉంటుందో వారిలో ఒకరి ఇంటికి వెళ్లి అడగండి.