యూరిన్ కల్చర్‌లో ‘ఈఎస్‌బీఎల్’ వచ్చింది.. నా డీఎన్‌ఏ కూడా మారిపోతుందా?

ప్రశ్న: నా వయసు 46. ఏడాదిగా మూత్రంలో మంట వస్తూ పోతూ ఉంది. వచ్చినప్పుడల్లా మెడికల్ షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ అడిగి తెచ్చుకుని, రెండ్రోజులు వేసుకుని, తగ్గగానే ఆపేసేదాన్ని. ఈసారి తగ్గలేదు. కల్చర్ చేయిస్తే ‘ఈ.కోలి, ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అని వచ్చింది. సిప్రో ఎదురుగా ‘ఆర్’ అని ఉంది. మైక్రోబయాలజీ చదువుతున్న మా అబ్బాయి ఇదంతా ప్లాస్మిడ్ల పని, అవి డీఎన్‌ఏను మార్చేస్తాయి అన్నాడు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. నా డీఎన్‌ఏ కూడా మారుతుందా? క్యాన్సర్ వస్తుందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందు ఆ భయం వదిలేయండమ్మా. మారేది బ్యాక్టీరియా డీఎన్‌ఏ, మీది కాదు. దీనివల్ల క్యాన్సర్ వస్తుందేమోనన్న దిగులు అక్కర్లేదు. మీ అబ్బాయి చెప్పింది తప్పేం కాదు, కాకపోతే సగంలో ఆపేశాడు.

ప్లాస్మిడ్ అంటే బ్యాక్టీరియా అసలు డీఎన్‌ఏతో సంబంధం లేకుండా విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ చుట్ట. ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారుతుంది. ఈఎస్‌బీఎల్ అంటే పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ రకం మందుల్ని విరగ్గొట్టే ఎంజైమ్. మీ రిపోర్టులోని క్రిమికి దాన్ని తయారుచేసే జన్యువు సాధారణంగా ఇలా బయటినుంచి వచ్చిందే, మన దేశంలో ఎక్కువగా కనిపించే రకం పేరు సీటీఎక్స్-ఎం-15. సిప్రో ఎదురుగా ఉన్న ‘ఆర్’ (రెసిస్టెంట్, అంటే ఆ మందుకు క్రిమి లొంగదు) కథ మాత్రం వేరు, అది చాలావరకు ఈ.కోలి అనే ఆ బ్యాక్టీరియా సొంత డీఎన్‌ఏలో, సిప్రో గురిపెట్టే ప్రొటీన్‌ను తయారుచేసే గైర్‌ఏ అనే జన్యువులో అక్షరం మారడం వల్ల వస్తుంది.

మరి ఆ అక్షరం ఎందుకు మారుతుంది? మామూలు రోజుల్లో ఈ.కోలి మహా జాగ్రత్తగా ఉంటుంది, దాదాపు 46 లక్షల అక్షరాల డీఎన్‌ఏను సుమారు వెయ్యిసార్లు కాపీ చేస్తేగానీ ఒక తప్పు దొర్లదు. సిప్రో వెళ్లి ఆ డీఎన్‌ఏ పోగులు తెంపగానే లోపల ‘ఎస్‌ఓఎస్’ అనే అలారం మోగుతుంది. రెక్‌ఏ అనే ప్రొటీన్ తెగిన పోగును పట్టుకుంటుంది, అప్పటిదాకా రిపేరు జన్యువుల్ని తొక్కిపట్టి ఉంచిన లెక్స్‌ఏ తప్పుకుంటుంది. మొదట పద్ధతిగా రిపేరు జరుగుతుంది. దానితో పని కాకపోతే చివర్లో ఒక తొందరపాటు ఎంజైమ్ దిగి, చిరిగిన చీరకు చేతికందిన గుడ్డతో అతుకేసినట్టు ఏదో ఒక అక్షరం పెట్టి ముందుకెళ్లిపోతుంది. బ్యాక్టీరియా బతుకుతుంది, తప్పులు మిగులుతాయి. అలాంటి ఒక తప్పు గైర్‌ఏలో సరిగ్గా పడిందంటే ఇక సిప్రోకు అది లొంగదు. మందు చాలీచాలని మోతాదులో ఉన్నప్పుడు కూడా ఈ అలారం మోగుతుంది, మీరు చేసిన రెండ్రోజుల వైద్యంతో నా గొడవ అందుకే.

కొన్ని ప్లాస్మిడ్లు ఈ తొందరపాటు ఎంజైమ్‌ను తమతోనే తెస్తాయి. పీకేఎం101 అనే ప్లాస్మిడ్‌లోని మ్యూక్‌ఏబీ జన్యువులు ఈ.కోలి సొంత వాటికంటే దూకుడు. అమెరికాలో బర్క్‌లీ శాస్త్రవేత్త బ్రూస్ ఏమ్స్ 1970ల్లో, ఏ రసాయనం డీఎన్‌ఏను మారుస్తుందో పట్టుకునే పరీక్ష కోసం సాల్మొనెల్లాలో ఈ ప్లాస్మిడ్‌నే పెట్టుకున్నారు. మందుల కంపెనీలు ఇప్పటికీ ఆ పరీక్ష చేస్తాయి. విచిత్రమేంటంటే దీనికి పూర్తిగా రివర్స్‌లో పనిచేసేవీ ఉన్నాయి: ఎఫ్ ప్లాస్మిడ్ కొత్త కణంలోకి ఒంటి పోగుగా దూరేటప్పుడు, అలారం మోగకుండా పీఎస్‌ఐబీ అనే ప్రొటీన్‌తో రెక్‌ఏ నోరు నొక్కేస్తుంది. ఇంకో సంగతి, 1992లో మద్రాసులో బయటపడ్డ ఓ139 కలరా క్రిమిలో ప్లాస్మిడ్ లాంటిదే ఎస్‌ఎక్స్‌టీ అనే ముక్క ఉంది. సిప్రో తగిలితే అది వేరే బ్యాక్టీరియాలోకి దూకడం ఇంకా పెరుగుతుందని ల్యాబులో తేలింది.

మీ క్రిమిలో ఏ ప్లాస్మిడ్ ఉందో రిపోర్టు చెప్పదు, వైద్యానికి అది అవసరమూ లేదు. ‘ఎస్’ (సెన్సిటివ్, అంటే ఆ మందుకు క్రిమి లొంగుతుంది) అని ఏ మందుల ఎదురుగా ఉందో అదే ముఖ్యం. ఇన్ఫెక్షన్ మూత్రాశయం వరకే ఉంటే నైట్రోఫ్యూరాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ లాంటివి ఈఎస్‌బీఎల్ మీద కూడా తరచూ పనిచేస్తాయి. కానీ మీ అంతట మీరు కొనొద్దు, కిడ్నీ పనితీరు చూసి డాక్టరే రాయాలి. క్రియాటినిన్, షుగర్ పరీక్షలు చేయించుకుని ఫిజీషియన్‌ను కలవండి. మళ్లీ మంట వస్తే మందు మొదలుపెట్టక ముందే కల్చర్‌కు ఇవ్వండి, మొదటి ధార వదిలేసి మధ్యలో వచ్చే మూత్రం పట్టాలి. బాధేమీ లేనప్పుడు ‘క్రిమి పోయిందా’ అని మళ్లీ మళ్లీ కల్చర్ చేయించుకోవడం మాత్రం వద్దు. అందులో క్రిమి కనబడ్డా మీ వయసులో, ఇంకే సమస్యా లేకపోతే, సాధారణంగా మందు వాడం. చలి జ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు మొదలైతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి, ఇంజెక్షన్లు అవసరం పడొచ్చు.