ఆపదొచ్చాకే గుర్తొచ్చాడని సిగ్గెందుకు?

మియాపూర్ నుంచి రాసిన తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివా. జాబ్ పోయి 4 నెలలైంది, ఇంట్లో చెప్పలేదు, రోజూ పొద్దున్నే ఆవిడ కట్టిచ్చిన బాక్సూ లాప్‌టాప్ బ్యాగూ పట్టుకుని ఆఫీసుకని బయల్దేరి చిలుకూరు వెళ్ళి 11 ప్రదక్షిణలు చేసి, చెట్టు కింద బండి ఆపుకుని దానిమీదే కూర్చుని ఆ బాక్సు తినేసి చీకటిపడ్డాక ఇంటికి. 15 ఏళ్ళు గుడి గడప తొక్కనోణ్ణి, ఇప్పుడు అవసరానికొచ్చా, అందుకే స్వామి పట్టించుకోవట్లేదేమో అంటున్నారు. మధ్యలో ఇంకో లైను కూడా రాసి వదిలేశారు, దాని దగ్గరికొస్తా.

ముందు ఈ సిగ్గు సంగతి. వేంకటేశ్వరుడికి మనవాళ్ళు పెట్టుకున్న పేరే ఆపదమొక్కులవాడు. అంతా బాగున్నప్పుడే రావాలంటే తిరుపతిలో ఆ క్యూలు ఎందుకుంటాయి చెప్పండి. ఇంకో పేరు వడ్డికాసులవాడు, పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేసి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని కథ, కాబట్టి మీ హోమ్ లోన్ బాధ ఆయనకి కొత్తగా ఎక్స్‌ప్లెయిన్ చెయ్యక్కర్లేదు.

కోపం వస్తోంది, తిట్టాలనిపిస్తోంది, పాపమా అన్నారు. మన గోల్కొండలోనే రామదాసుని పెట్టిన బందీఖానా ఉంది, చూసే ఉంటారు. భద్రాచలం గుడికి సర్కారు సొమ్ము వాడాడని తానీషా జైల్లో వేయిస్తే, 12 ఏళ్ళు అందులోనే ఉన్నాడంటారు, సీతమ్మకి చేయించిన నగల లెక్కలు తీసి మరీ రాముణ్ణి దెప్పాడు. తర్వాత దెబ్బలకి ఓర్చుకోలేక తిట్టాను ఏమనుకోకయ్యా అని ఆయనే బతిమాలాడు. అంత భక్తుడికే తప్పలేదు, మీరెంత నేనెంత.

ఆ జ్యోతిష్యుడు శాంతి హోమానికి 60 వేలు అడిగాడన్నారు కదా, క్రెడిట్ కార్డు మీద లాగి కట్టేద్దామనుకుంటున్నారు. వద్దు. జీతం లేని ఇంట్లో ఆ వడ్డీ ఎవరు కడతారు? మీరు వెళ్ళే చిలుకూరులో హుండీయే లేదు, రోజూ చూస్తూ కూడా ఇది మీకు తట్టలేదంటే ఎంత గాబరాలో ఉన్నారో అర్థమవుతోంది.

ఇప్పుడు ఆ లైను. "రాత్రి 3కి మెలకువొచ్చి బాల్కనీలో నిలబడి కిందికి చూస్తుంటా, మాది 9వ ఫ్లోరు" అని రాసి వెంటనే ఈఎంఐ గురించి మొదలెట్టారు. డొంకతిరుగుడు లేకుండా అడుగుతున్నా, చచ్చిపోవాలనిపిస్తోందా? అవును అయినా, కొంచెం అలాంటిదే అయినా, 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అంటారు, గవర్నమెంటుదే, ఫ్రీ, రాత్రి మూడింటికైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. సైకియాట్రిస్ట్‌ని కలిస్తే భక్తి తక్కువైనట్టు కాదు, షుగర్‌కి మందులేసుకుంటూ గుడికెళ్ళేవాళ్ళు ఎంతమంది లేరు.

నాకు అసలు కష్టంగా అనిపించింది ఇంకోటి. ఇదంతా మీరు స్వామికి చెప్పుకుంటున్నారు, పక్కన పడుకున్న మనిషికి చెప్పట్లేదు. గుడికెళ్ళడం తప్పని నేననట్లేదు, వెళ్ళండి, కానీ ప్రస్తుతం ఆ గుడి మీకు దాక్కునే చోటు కూడా అయింది. ఆవిడ మీకోసం రోజూ పొద్దున 5కి లేచి కూర చేస్తోంది, లేని ఆఫీసుకి. తెలిసిన రోజు జాబ్ పోయిందని ఏడుస్తుందో లేదో గానీ ఈ బాక్సుల గురించి మాత్రం ఏడుస్తుంది, ఇంకో నెల పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. చెప్పేటప్పుడు పిల్లలు పడుకున్నాక చెప్పండి, కథలొద్దు, ఫలానా తారీకున తీసేశారు, భయమేసి చెప్పలేదు, అంతే. తిడితే తిట్టించుకోండి, మధ్యలో లేచి వెళ్ళిపోవద్దు.

బ్యాంకుకి కూడా ఈఎంఐ బౌన్స్ అవ్వకముందే వెళ్ళండి, గడువు పెంచమని, కిస్తీ తగ్గించమని అడగొచ్చు, ఒప్పుకుంటారా లేదా తర్వాత. కుదిరితే ఆవిడని వెంటబెట్టుకునే వెళ్ళండి, లెక్కలు మీకన్నా ఆవిడకే బాగా తెలుసని మీరే రాశారు.

శనివారం ఇద్దరూ కలిసి చిలుకూరు వెళ్ళి అక్కడ చెప్దామని ప్లాన్ వేస్తారేమో, జాబ్ సంగతి కావాలంటే అలాగే చెయ్యండి. బాల్కనీ సంగతి మాత్రం అప్పటిదాకా ఆపొద్దు తమ్ముడూ, ఈ రాత్రే ఆవిణ్ణి లేపి చెప్పండి.