ఊపిరి బిగబట్టేవారి గురించి రాస్తున్న నీకు

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

కొత్తపట్నం నుంచి నీవు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి చేపలు పట్టే ఇండోనేషియా బజావు జాతివారి గురించి రాయాలని నీకు తోచినందుకు ఎంతో సంతోషించాను. అయితే మొదటి పేరాలోనే "ఇది వారికి దేవుడిచ్చిన వరం" అని తేల్చేయడంతో, చెప్పవలసిన కథంతా అక్కడే ఆగిపోయింది. ఆ వాక్యాన్ని కొట్టివేసి, వారికి పుట్టుకతో వచ్చినదెంత, సాధనతో అబ్బినదెంత అనే ప్రశ్నను చివరిదాకా నడిపించు.

ముందు అందరికీ ఉన్నదానితో మొదలుపెట్టు. చల్లని నీటిలో ముఖం ముంచి ఊపిరి బిగబడితే, మైపాడు తీరానికి స్నానానికి వచ్చినవారికైనా బజావులుండే సులవేసి ద్వీపంలో పుట్టినవారికైనా గుండె వేగం తగ్గుతుంది; కాళ్లూ చేతుల రక్తనాళాలు ముడుచుకొని రక్తం గుండెకూ మెదడుకూ దక్కుతుంది; ప్లీహం కుంచించుకొని తనలో నిల్వ ఉన్న, ప్రాణవాయువును మోసే ఎర్ర రక్తకణాలను రక్తంలోకి వదులుతుంది. ప్లీహం అంటే మన పాఠకులకు వెంటనే తట్టదు. మలేరియా జ్వరాల రోజుల్లో పెద్దలు "కడుపులో బల్ల పెరిగింది" అనేవారు కదా, ఆ బల్ల ఉబ్బిన ప్లీహమే. ఆ మాట ఒక్కసారి వాడితే, చదివేవారి చేయి తనంతట తానే ఎడమ డొక్క మీదికి పోతుంది.

బజావుల దగ్గరకు ఆ తరువాత వెళ్లు. పరిశోధకురాలు మెలిస్సా ఇలార్డో బృందం వారి ప్లీహాలనూ, పొరుగున నేల మీద బతికే సలువాన్ జాతివారి ప్లీహాలనూ అల్ట్రాసౌండుతో కొలిచి, బజావులవి సుమారు 50 శాతం పెద్దవని 2018లో ప్రకటించింది. నీవు ఆ అంకెను రాసి, దాని పక్కనే ఉన్న అసలు సంగతిని వదిలేశావు: నీటిలో మునగని బజావులకు కూడా ప్లీహం పెద్దదిగానే ఉంది. సాధన ఒక్కటే కారణమైతే అలా ఉండదు. అందుకే ఆ బృందం థైరాయిడ్ హార్మోనుతో సంబంధమున్న పీడీఈ10ఏ అనే జన్యువు వైపు, తరతరాల ప్రకృతి వరణం వైపు చూసింది.

అంతలోనే అంతా పుట్టుకదేనని పాఠకులు అనుకోకుండా, మోకెన్ పిల్లలను తీసుకురా. థాయ్‌లాండ్ తీరపు ఈ పిల్లలు నీటి అడుగున కంటిపాపను బాగా కుదించి, యూరప్ పిల్లల కంటే రెండింతలు స్పష్టంగా చూడగలరని పరిశోధకురాలు అన్నా గిస్లెన్ బృందం 2003లో తెలిపింది. అయితే శిక్షణ ఇస్తే యూరప్ పిల్లలకూ అది అబ్బిందని ఆ తరువాత తేలింది. కొరియాలోని జెజు ద్వీపంలో సముద్రంలో మునిగి వేటాడే స్త్రీలైన హెన్యోలది మరో దారి. పలుచని నూలు దుస్తులతో చలినీటిలో మునిగినన్నాళ్లూ వారి శరీరాలు చలికి అలవాటుపడి ఉండగా, రబ్బరు దుస్తులు వచ్చాక ఆ ఓర్పు కొన్నేళ్లలోనే పోయింది.

ఇక నన్ను కలవరపెట్టిన పేరా ఒకటుంది. మునిగే ముందు గబగబా ఊపిరి పీల్చి వదలడాన్ని నీవు ఒక రహస్యంలాగా వర్ణించావు. చిన్నప్పుడు మా ఊరి బావిలో పందెం కట్టి మేమూ అలాగే మునిగేవాళ్లం. బతికి బయటపడ్డామంటే అది మా తెలివి కాదు. ఊపిరి తీసుకోవాలనే ఆరాటం ముఖ్యంగా ప్రాణవాయువు తగ్గడం వల్ల కాక, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరగడం వల్ల పుడుతుంది. గబగబా శ్వాసిస్తే ఆ వాయువు ముందే తగ్గిపోయి ఆరాటం ఆలస్యమవుతుంది; ఈలోగా ప్రాణవాయువు అడుగంటి, ఏ హెచ్చరికా లేకుండానే స్పృహ తప్పుతుంది. నీ వ్యాసం చదివి ఒక పిల్లవాడు బావిలోకి దూకవచ్చునని తలచుకుంటూ ఆ పేరాను తిరగరాయి.

చివరలో "మన మత్స్యకారుల రక్తంలోనూ ఇదే శక్తి ఉంది" అన్నావు. మన పాలేల్లో వేట వలతో, పడవతో సాగేది. ఎవరూ కొలవని శక్తిని వారికి అంటగట్టకుండా, వారికి నిజంగా తెలిసిన గాలినీ నీటి పోటునూ గురించి వేరే వ్యాసం రాయి.

తిరగరాసిన ప్రతిని పంపు. బావి పేరాను మాత్రం ముందుగా నాకు ఫోనులో చదివి వినిపించు.